క్లబ్‌హౌసుతో కూడిన వానప్రస్థం

తల నెరిసి, ఒళ్ళు ముడతలు పడి, కొడుక్కి కొడుకు పుట్టాక గృహస్థు అడవికి పోవాలని మనుస్మృతి చెప్పింది కానీ, ఆ అడవికి లిఫ్టు ఉందా, జనరేటరు ఉందా, స్నానాలగదిలో కాలు జారని టైల్సు వేశారా అన్న ముఖ్య విషయాలను ప్రస్తావించలేదు. ఆ లోపాన్ని ఇన్నాళ్ళకు హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు అవతల బిల్డర్లు సరిదిద్దారు. మూడేళ్ళుగా అలాంటి సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో వానప్రస్థం నెరపుతున్నవాడిగా ఇక్కడి సదుపాయాలను లోకానికి వివరించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ముందుగా గ్రహించవలసినది, ఈ సదుపాయాలలో చాలావరకు మా కోసం ఏర్పడినవి కావు. ఫ్లాటు చూడవచ్చేది డాలస్ నుంచి రెండు వారాల సెలవు మీద దిగిన కొడుకు. అందులో ఉండబోయేది తండ్రి. కనుక ఏది చూపిస్తే కొడుకు మనసు కుదుటపడుతుందో అదే కట్టారు. ఈతకొలనులో ఈ మూడేళ్ళలో నేను చూస్తుండగా దిగిన ప్రాణి ఒక్క కొంగ మాత్రమే. అది మెయింటెనెన్సు కట్టదు.

మెయింటెనెన్సు అన్న మాటకు కూడా ఇక్కడ అర్థం మారింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినప్పుడు ఆ మాటకు పిల్లలు పెద్దలకు ఇవ్వవలసిన పైకమని అర్థం. అది నెలకు 10,000 రూపాయలు మించరాదని కూడా అందులో రాశారు. ఇక్కడ అది పెద్దలు సంఘానికి చెల్లించే పైకం, దానికి ఎటువంటి పరిమితీ లేదు, పైగా నెలకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ.

ఇక స్నానాలగదిలో వేలాడే ఎర్రతాడు సంగతి. ఆపదలో దాన్ని లాగితే రెండు నిమిషాల్లో నర్సూ గార్డూ చక్రాల కుర్చీతో పరుగెత్తుకొస్తారు. తడి తువ్వాలు ఆరవేయడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదని చేరిన వారంలోనే మా ఆవిడ తీర్మానించింది. "ఎవరు పడిపోయారు సార్?" అంటూ వాళ్ళు రొప్పుతూ వచ్చిన ప్రతిసారీ, తువ్వాలు పడిపోయిందని నేను చెప్పుకోవలసి వచ్చేది. పక్క ఫ్లాటు మాస్టారు ఒంటరివారు. ఆయన ఏమీ ఆరవేయకుండానే తాడు లాగుతారు. వచ్చిన నర్సమ్మను కూర్చోబెట్టి, కాఫీ కలిపి ఇచ్చి, "ఏ ఊరమ్మా మీది?" అని మొదలుపెడతారు. మేనేజ్‌మెంటు దీనిని దుర్వినియోగమని రిజిస్టరులో రాసింది. నన్నడిగితే, ఈ ప్రాంగణం మొత్తంలో సద్వినియోగమవుతున్న పరికరం అదొక్కటే.

పెన్షనుదారు బతికే ఉన్నాడా అని ప్రభుత్వం ఏడాదికొకసారి, నవంబరులో, ఎంతో మర్యాదగా అడుగుతుంది. మా కమ్యూనిటీ రోజుకు మూడుసార్లు అడుగుతుంది. డైనింగు హాలు గుమ్మం దగ్గర కార్డు తాకించకపోతే ఆ వార్త యాప్ ద్వారా తక్షణం అమెరికా చేరుతుంది. లోపల వడ్డించే వంటకం ఉప్పు, కారం, నూనె అనే మూడు దుర్వ్యసనాలను జయించినది. దానిని తినడానికి ఆకలి చాలదు, వైరాగ్యం కావాలి.

పోయిన నవంబరులో మా మరదలు గుంటూరు నుంచి ఆవకాయ జాడీ పంపింది. ఆ రాత్రి డైనింగు హాలుకు వెళ్ళకుండా తలుపు గడియపెట్టి, ఎలక్ట్రిక్ కుక్కరులో గుప్పెడు బియ్యం పడేసి, నెయ్యి కాచి, ఇద్దరం ఒకే కంచం ముందు కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో డాలస్ నుంచి ఫోను మోగింది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ ఉదయం తొమ్మిది.

"నాన్నా, భోజనానికి వెళ్ళలేదట, ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు మావాడు. ముద్ద పెద్దది, ముక్క గట్టిది కావడం వల్ల నేను "ఊఁ" అని మాత్రమే అనగలిగాను. తండ్రికి మాట పడిపోయిందని నిశ్చయించుకున్న వాడు ఆఫీసుకు ఫోను చేశాడు. రెండు నిమిషాల్లో చక్రాల కుర్చీ వచ్చింది. గార్డు గుమ్మంలో ఆగి, గాలి ఒకసారి గట్టిగా పీల్చి, జాడీ వంక చూసి, కుర్చీని వరండాలోనే వదిలి తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా, ఒక్క ముక్క ఉంటుందా?"