హెల్మెట్‌కి స్టిక్కర్ చాలా?

బెంగళూరు మారతహళ్ళి ఫుట్‌పాత్ మీద హెల్మెట్లు చూస్తే ఒళ్ళు మండుతుంది. వరసగా పేర్చిన అన్నిటి మీదా ఐఎస్ఐ స్టిక్కరే. గోటితో గీకితే ఊడి చేతికొస్తుంది! అసలు ముద్రకి పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అంటూ లైసెన్స్ నంబరూ ఉండాలి. ఇక్కడ కొన్నిటికి నంబరే లేదు. ఉన్నవాటిలో కంపెనీ పేర్లు వేరు, నంబరు ఒకటే. లోపల వేలితో నొక్కితే గట్టి థర్మోకోల్ కూడా తగలదు, పల్చటి స్పాంజి ముక్క అంతే. నంబరేదయ్యా అని అమ్మేవాణ్ణి అడిగితే, "పోలీసులు ఆపరు సార్, తీసుకోండి" అంటాడు. మన నెల్లూరతనే!

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. కానీ అమ్మేవాళ్ళ జోలికి పోయేదెవరు? ఉత్త తలతో దొరికినవాడికి మాత్రం 500 ఫైన్. లైసెన్స్ నంబరు అసలుదో కాదో ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో మనమే చూసుకోవచ్చు. బాగుంది. అంటే ఆ ట్రాఫిక్‌లో, ఆ దుమ్ములో నిలబడి ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం కూడా మనమే చేయాలన్నమాట. జీతం ఎవరిస్తారో మరి!