సగటు మెదడు సినిమా చూడదు

తెర మీద తుపాకీ పేలుతుంది. ఎంఆర్‌ఐ స్కానర్‌లో వెల్లకిలా పడుకుని, కళ్ల పైన బిగించిన చిన్న అద్దంలో సినిమా చూస్తున్న మనిషి మెదడులో రక్తప్రవాహ సంకేతం పైకి లేచేసరికి దాదాపు అయిదు సెకన్లు పడుతుంది. ఈలోగా సీనే మారిపోతుంది. ఇంత మందకొడి కొలతను పట్టుకుని, దర్శకుడు మన మెదడును ఆడిస్తున్నాడని తేల్చేస్తున్నారు.

నాడీశాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం 2004 ప్రయోగం తెలిసిందే: ఒకే సినిమా చూసినవాళ్ల మెదళ్లు చాలా చోట్ల ఒకే తీరున స్పందించాయి. 2008లో వాళ్లిచ్చిన అంకెలనైతే అందరూ వల్లిస్తారు: హిచ్‌కాక్ టీవీ ఎపిసోడ్‌కు కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) 65 శాతం మేర ప్రేక్షకుల స్పందనలు కలిశాయి, పార్కులో కెమెరా పెట్టి వదిలేసిన వీడియోకు 5 శాతం లోపే. సరే, హిచ్‌కాక్ గొప్పే. కానీ మెదళ్లు సింక్ అయితే సినిమా బాగున్నట్టా? కాదని ఆ పరిశోధకులే రాశారు. ట్రైలర్లకు ‘బ్రెయిన్ టెస్టు’ అమ్మేవాళ్లు ఆ వాక్యం దాకా చదవరు.

అసలు పేచీ లెక్కలో ఉంది. ఒకరి మెదడు సంకేతం గ్రాఫును మిగతావాళ్ల సగటు గ్రాఫుతో పోలుస్తారు. కలిసినంత మేర సినిమా ప్రభావం, కలవనిదంతా నాయిజ్, అంటే పారేయాల్సిన గోల. అందులో తల కదలిక, ఊపిరి ఉంటాయి, నిజమే. ఆస్పత్రి సీను రాగానే తండ్రి చివరి రోజులు గుర్తొచ్చినవాడు కూడా అందులోనే ఉంటాడు. ఆ సీను అందరికంటే గట్టిగా తగిలింది అతనికే. లెక్క ప్రకారం మాత్రం సినిమా సరిగా చూడనిదీ అతనే!

ఒక్కరి స్కాన్‌లో సంకేతం బలహీనం, సగటు తీయకపోతే ఏమీ తేలదంటారు. అయితే అదే క్లిప్‌ను అదే మనిషికి మళ్లీ మళ్లీ చూపించండి. అతని గ్రాఫులు తమలో తాము కలిసి, పక్కవాడితో కలవకపోతే అది నాయిజ్ కాదు, అతని చూపు. (రెండోసారి సస్పెన్స్ ఉండదు కాబట్టి కొంత మారుతుంది, అంతవరకు మినహాయించుకోవచ్చు.) ఇందుకు కొత్త డేటా కూడా అక్కర్లేదు. మెదడులోని అనుసంధానాల పటం గీసే హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ 184 మందిని 7 టెస్లా యంత్రంలో (బాగా శక్తిమంతమైన ఎంఆర్‌ఐలో) స్కాన్ చేసినప్పుడు, నాలుగు విడతల్లోనూ చివర్లో ఒకే చిన్న క్లిప్ చూపించింది.

మనిషిని సగటుకు దూరంగా ఉన్నాడని పక్కన పెట్టే అలవాటు ల్యాబులకే పరిమితం కాలేదు. ‘మీలాంటివాళ్లు ఇవి చూశారు’ అని యాప్ వరస పెట్టే జాబితాదీ ఇదే పద్ధతి. పదిమందీ నవ్వినచోట మీకు ఏడుపొచ్చిందన్న సంగతి నమోదు చేసే గడి దాంట్లో లేదు.