లొల్లికి కూడా ఒక లెక్కుంది

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో లొల్లి చేసేవాళ్ల మీద ఈ మధ్య నిందలు ఎక్కువయ్యాయి. డీజే వాళ్లు చట్టం తప్పుతున్నారట, ఫంక్షన్ హాల్ జనరేటర్ పక్కింటి ముసలాయన నిద్ర తింటోందట. ఈ మాటలు అనేవాళ్లెవరూ ఆ చట్టం తెరిచి చూడలేదు. చూస్తే, లొల్లి పక్షాన అది ఎంత ఓపికగా ఆలోచించిందో తెలిసేది. లొల్లి చేసేవాళ్లు కూడా చదవలేదనుకోండి, చదివుంటే ఇంకా ధీమాగా ఉండేవాళ్లు. వాళ్ల మేలు కోరి ఈ నాలుగు ముక్కలు.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. బజారులో 65, 55. పరిశ్రమల దగ్గర 75, 70. నిశ్శబ్ద ప్రాంతంలో 50, 40. పగలంటే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. ఇంతవరకు చదివి బెదిరిపోయేవాళ్లు ఏడో నియమం దాకా రారు. పరిమితిని పది డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ దాటితేనే ఫిర్యాదు చేసుకోవచ్చని అక్కడ రాసి ఉంది. పదే కదా అనిపిస్తుంది గానీ, డెసిబెల్స్‌లో పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, చెవికి దాదాపు రెండింతల మోత. అంటే ఇళ్ల మధ్య 64 దాకా వాయించి, అడగడానికొచ్చిన పెద్దమనిషికి చాయ్ తాగించి పంపొచ్చు. రాత్రి ఆంక్షలకు ఈ పది వెసులుబాటు లేదు, కాబట్టి ఏదైనా పది గంటల లోపే కానివ్వండి. ఆసుపత్రి పక్కన ఉన్నామని కంగారు పడే పని కూడా లేదు. 2017 సవరణ తర్వాత ఆసుపత్రి ఉన్నంత మాత్రాన అది నిశ్శబ్ద ప్రాంతం కాదు, ప్రభుత్వం ప్రకటించాలి. రోగికి విశ్రాంతి కావాలంటే ముందు గెజిట్ కావాలన్నమాట.

అసలు వరం సగటు. పట్టికలో ఉన్న అంకెలు ఒక్క క్షణం మోతకు కావు, ఆ పూట మొత్తం శక్తి సగటుకు. పగలంటే 960 నిమిషాలు. మీ బరాత్ ఒక ఇంటి కిటికీ దగ్గర ఆరు నిమిషాలు 85 డెసిబెల్స్ మోగించింది అనుకుందాం. మిగతా 15 గంటల 54 నిమిషాలు ఆ వాడంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటే సగటు 63కు దిగుతుంది. ఫిర్యాదు గీత 65. గట్టెక్కారు. కాకపోతే మన డీజేలు 85తో ఆగే రకం కాదు. కిటికీ దగ్గర 100 పడితే 18 సెకన్లకే గీత తగులుతుంది. మోత గట్టిగా వినపడే దారి ఆ ఇంటికి అటూ ఇటూ కలిపి 100 మీటర్లయితే, బరాత్ గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దాటాలి. పెళ్లికొడుకు గుర్రం మీద ఉంటాడు కాబట్టి అతనికి ఇబ్బంది లేదు. ముందు తీన్మార్ ఆడే బావమరుదులే వారం ముందు నుంచి పరుగు ప్రాక్టీసు చెయ్యాలి. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి వేరే తీసుకోవాలి, అది లేకపోతే ఈ లెక్కలన్నీ దండగ.

మీటరు పట్టుకుని ఎవరన్నా వస్తే? రానివ్వండి. చట్టం అడిగేది ‘ఎ’ వెయిటింగ్ డెసిబెల్స్. అంటే మనిషి చెవి తీరు చూసి, సన్నని గొంతును ఉన్నదున్నట్టు లెక్కేసి, బొంగురు మోతకు తగ్గింపు ఇచ్చే పద్ధతి. మోత సెకనుకు ఎన్నిసార్లు అదిరితే అన్ని హెర్ట్జ్, అంకె తగ్గేకొద్దీ బొంగురు. 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్, 63 దగ్గర 26, 50 దగ్గర 30 మాఫీ. డీజే బాక్సుల ప్రతాపమంతా 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్యనే. 50 హెర్ట్జ్ దగ్గర బేస్ నిజంగా 100 ఉంటే మీటరు 70 అని రాసుకుంటుంది. గోడల సంగతీ అంతే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మాటలను ఆపుతుంది, బేస్ ముందు అదేం పెద్ద అడ్డు కాదు. అవతల పాట ఏమిటో తెలియదు గానీ, ఇవతల షోకేసు అద్దం జివ్వుమంటుంది, వంటింట్లో స్టీల్ డబ్బాల మూతలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మూతల మీద చట్టంలో పరిమితి లేదు.

రాత్రి పది నుంచి పన్నెండు దాకా పండుగలకు రాష్ట్రం సడలింపు ఇవ్వొచ్చు, ఏడాదికి 15 రోజులు మించకుండా. గణపతికి తొమ్మిది, బతుకమ్మకు తొమ్మిది, అప్పుడే పద్దెనిమిది. బోనాలూ మేడారమూ ఇంకా లెక్కలోకే రాలేదు. ఈ అంకె రాసినవాళ్లు ఎవరో గానీ ఇటువైపు వచ్చినట్టు లేరు.

ఫంక్షన్ హాల్ జనరేటర్ దగ్గరికి వద్దాం. హాళ్లలో వాడే సైజు డీజిల్ సెట్‌కు, క్యానొపీ (మోత ఆపడానికి సెట్టు చుట్టూ కట్టే పెట్టె) నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. మన హాళ్లలో ఉన్న సెట్లూ 75వే, స్టిక్కర్ కూడా ఉంటుంది. మే నెల ముహూర్తాలకు జరిగేది వేరు. సెట్టును ప్రహరీ మూలకు ఇరికిస్తారు. రేడియేటర్ వేడిగాలి బయటికి పోవడానికి డక్ట్ ఉండదు, గోడకు తగిలి తిరిగి లోపలికే వస్తుంది. అరగంటలో ఇంజను వేడెక్కి ట్రిప్ అవుతుంది. బంతి భోజనాలు చీకట్లో పడతాయి. ఆపరేటర్ తమ్ముడు పరుగున వచ్చి క్యానొపీ తలుపులు బార్లా తెరిచి, మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెడతాడు. పాతిక డెసిబెల్స్ ఆపడానికి కట్టిన పెట్టె ఆ ఇటుకతో వట్టి రేకు గొడుగై నిలబడుతుంది. లోపలి ఫోమ్ డీజిల్ తాగి ముద్దలు ముద్దలుగా ఊడిపోయి ఉంటుంది, అది అదనం. అయినా తప్పెవరిదీ కాదు. సెట్టుకు ఆమోదం ఇచ్చే పరీక్ష తలుపులు మూసి చేస్తారు, ఇటుక ఆ పరీక్షలో లేదు.

మోత సరే, అదురు మాటేమిటి? ఇళ్లకు సంబంధించి ఆ నియమాల్లో అదురుకు అంకె లేదు, అందుకే అపార్ట్‌మెంట్ కమిటీలు ఇక్కడ స్వేచ్ఛగా పనిచేస్తాయి. డాబా మీద ప్రెషర్ పంపును స్లాబుకే బోల్టు వేసి, జీఐ పైపు గోడకు క్లాంపు కొట్టి, పొద్దున ఐదింటికి స్విచ్ వేస్తారు. కింది ఫ్లాటు వాళ్లు అడిగితే పాత టైరు ముక్క కింద తోస్తారు. టైరు ముక్క గట్టిది, పంపు బరువుకు అది కుంగదు. కుంగని రబ్బరు అదురును ఆపదు. 2900 ఆర్‌పీఎం పంపు సెకనుకు 48 సార్లు అదురుతుంది, దాన్ని నిలువరించాలంటే రబ్బరు ఆ బరువుకు కనీసం ఒక మిల్లీమీటరు కుంగాలి. 1500 ఆర్‌పీఎం జనరేటర్‌కు మూడున్నర మిల్లీమీటర్లు. మౌంట్లు (కింద వేసే రబ్బరు దిమ్మెలు) సరిగ్గా వేసి పైపుకు ఫ్లెక్సిబుల్ హోస్ మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తుంది, అదురు పైపు పట్టుకుని గోడలోకి దిగుతుంది. ఈ లెక్క చెబితే సాంచ (మరమగ్గం) మేడ మీదికి ఎక్కించిన సిరిసిల్ల ఆసామి కూడా అడుగుతాడు, నాకెంత రబ్బరు కావాలని. నిమిషానికి 120 పిక్కుల, అంటే నాడె (పోగును అటూ ఇటూ మోసేది) 120 సార్లు కొట్టే సాంచకు అదే సూత్రం పెడితే రబ్బరు అర మీటరు కుంగాలి. సాంచను నేల మీద పెట్టుకోవడమే దారి.

సాంచాల కార్ఖానాలో పనిచేసేవాళ్ల చెవుల కోసం ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన పట్టిక ఒకటి ఉంది. 90 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు, 95లో నాలుగు, 100లో రెండు, 105లో ఒకటి, 115లో పావుగంట. నాడె అటూ ఇటూ కొట్టుకునే షెడ్డులో 100 పడితే, ఎనిమిదింటికి షిఫ్టు ఎక్కిన కార్మికుడు పదింటికి ఇంటికి పోవాలి. పన్నెండు గంటల షిఫ్టుకు పట్టికలో గడే లేదు, అదే సూత్రంతో లాగితే 87 వస్తుంది. ఇదంతా ఫ్యాక్టరీ అనిపించుకున్న చోటి మాట. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది 1948 చట్టం, 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ దాన్ని ఇరవై చేసింది. ఆరుగురితో నడిచే షెడ్డులో నాడె మోత కూడా ఆ మేరకు తగ్గుతుందని ఢిల్లీలో నమ్మకం కాబోలు. ఇక్కడ చెవిలో దూది పెట్టుకుంటారు, దానితో ఒరిగేది చాలా తక్కువ. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలు పెట్టి ఆపితే పనిచేస్తుంది. సగం లోపల సగం బయట పెట్టుకున్నది అలంకారమే. వినికిడి ముందు 4000 హెర్ట్జ్ దగ్గర పోతుంది, అందుకే చాలా ఏళ్లు తెలియదు. తెలిశాక ఇంట్లోవాళ్లు టీవీ సౌండ్ తగ్గించమని అడగడం మొదలుపెడతారు.

చివరగా గోదావరిఖని, భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టుపక్కల వాళ్లకు ఒక శుభవార్త. అదురుకు అంకె ఉన్నది మీకే. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, గని పేలుళ్ల వల్ల వచ్చేది సెకనుకు 8 సార్ల లోపు ఊగే అదురైతే ఊళ్లో ఇంటి దగ్గర నేల కదలిక సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదు. రామప్పలాంటి చారిత్రక కట్టడమైతే 2. ఎనిమిది వందల ఏళ్ల గుడి సున్నితం, ముప్పై ఏళ్ల రేకుల ఇల్లు దృఢం, ఇందులో వాదన లేదు. ఒక్కో డిలేకు, అంటే క్షణంలో వంతు తేడాతో విడతలుగా పేల్చేటప్పుడు ఒక్కో విడతకు, పడే పేలుడు మందును నాలుగో వంతుకు తగ్గిస్తే ఇల్లు రెండింతల దూరం జరిగినట్టే. కానీ దానికి డిటొనేటర్లు ఎక్కువ పడతాయి, ఇల్లు జరగడమే చవక. అదే సర్క్యులర్‌లో ఇంకో గడి ఉంది. కట్టడం గని యాజమాన్యానిదే అయితే 5 బదులు 10 దాకా అదరొచ్చు. కాబట్టి గోడలు పగుళ్లిస్తున్నాయని కంపెనీ క్వార్టర్‌లో ఉంటూ దరఖాస్తు పెట్టకండి. అవతల వీధిలో బయటివాళ్ల ఇల్లు అద్దెకు తీసుకుని, సామాను దించాక పెట్టండి.