కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదువు: సాఫ్ట్‌వేర్ సరే, కాంట్రాక్టు ఎవరు నేర్పుతారు?

కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో చేరాలనుకునే విద్యార్థులు ముందుగా వాకబు చేసేది సాఫ్ట్‌వేర్ గురించే. పనుల షెడ్యూలు వేసే ప్రైమవేరా నేర్పుతారా, భవనాన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా చూపే బిమ్‌కు ల్యాబ్ ఉందా అని అడుగుతారు. యూనివర్సిటీలు కూడా బ్రోచర్ మొదటి పేజీలో వాటినే వేస్తాయి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా లోపల నడిచే లెక్క పాతదే. క్రిటికల్ పాత్ పద్ధతిని డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థలు 1957 ప్రాంతంలో రూపొందించాయి. ఏ పని ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో కాగితం మీద లెక్కగట్టగలిగిన వాళ్లకు సాఫ్ట్‌వేర్ పట్టుబడటం పెద్ద కష్టం కాదు.

ఉద్యోగంలో చేరాక అసలు టెన్షన్ పెట్టేది కాంట్రాక్టు. క్లాసులో నిద్ర తెప్పించే సబ్జెక్టు కూడా అదే! కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ తయారుచేసి, ఎన్నో దేశాల్లో వాడే నమూనా కాంట్రాక్టు 1999 రెడ్ బుక్‌నే చూడండి. అదనపు గడువో, అదనపు డబ్బో కావాలంటే, కారణం తెలిసిన 28 రోజుల్లోపు కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలి. లేకపోతే ఆ హక్కు పోయినట్టే. డ్రాయింగ్ ఆలస్యంగా వచ్చి పని ఆగిందనుకుందాం. సైట్‌లో అందరికీ ఆ సంగతి తెలుసు, ఫోన్లలో అరుచుకున్నారు కూడా. కానీ సైట్ డైరీలో ఎక్కలేదు, నోటీసు వెళ్లలేదు. తప్పు అవతలివాళ్లదే అయినా నష్టం మాత్రం కాంట్రాక్టర్‌కే మిగులుతుంది. ఆ డైరీ రాసే పని చాలాసార్లు కొత్తగా చేరిన ఇంజనీర్ మీదే పడుతుంది.

ఒక మార్పును ఎవరు పరిశీలించాలన్నది మరింత ప్రమాదకరమైన విషయం. 1981లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో, పైకప్పు నుంచి దిగే పొడవాటి రాడ్లకే రెండు అంతస్తుల వంతెనలూ వేలాడాలి. బిగించడం తేలికవుతుందని ఒక్కో రాడ్‌ను రెండుగా మార్చారు. దాంతో కింది వంతెన పై వంతెనకు వేలాడింది, పై వంతెన జాయింట్ మీద బరువు రెట్టింపయింది. మొదటి డిజైనే నిబంధనలకు చాలలేదు, అది వేరే సంగతి. మార్పు చేసిన షాప్ డ్రాయింగ్ (విడిభాగాల తయారీకి గీసే వివరమైన డ్రాయింగ్) ఆమోదం పొందింది గానీ, ఆ జాయింట్‌ను ఎవరూ లెక్కవేసి చూడలేదు. బరువు లెక్క సివిల్ ఇంజనీరింగ్‌లో నేర్పుతారు. ఆ లెక్క వేసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చి, వేశారో లేదో అడిగే అలవాటును మేనేజ్‌మెంట్ కోర్సు నేర్పాలి.

సిడ్నీ ఓపెరా హౌస్ కథ కొంత తెలిసిందే. పైకప్పు డిజైన్ తేలకముందే 1959లో పని మొదలుపెట్టారు. తర్వాత ఆ బరువుకు చాలవని కింది స్తంభాలను మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1963కి, 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో పూర్తవుతుందన్నది 1973 దాకా సాగింది, ఖర్చు 10 కోట్లు దాటింది. ప్లానింగ్ క్లాసులో ఒక వారమంతా దీనికే ఇవ్వొచ్చు.

మరి కోర్సును ఎలా ఎంచుకోవాలి? డిజైన్ మీద సంతకం పెట్టే లైసెన్సు కావాలనుకునేవాళ్లు ముందే చూసుకోవాలి, దానికి చాలాచోట్ల ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. ప్లానింగ్, ఎస్టిమేషన్, బిల్లింగ్, సేఫ్టీ వైపు వెళ్లేవాళ్లకు ఈ చదువు సూటిగా పనికొస్తుంది. సిలబస్ తెప్పించుకుని, కాంట్రాక్టులకు ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో, నిజమైన ప్రాజెక్టు డ్రాయింగ్‌లు ఇచ్చి క్వాంటిటీలు (ఏ సామాను, ఏ పని ఎంతో లెక్క) తీయిస్తారో లేదో చూడాలి. పాఠం చెప్పేవాళ్లలో ఒక్కరైనా అదనపు గడువు, డబ్బు కోసం పెట్టే క్లెయిములు నడిపినవాళ్లు ఉన్నారా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. సైట్ ఇంటర్న్‌షిప్ ఒక సర్టిఫికెట్‌తో సరిపెట్టే వ్యవహారమైతే, నా మటుకు నేను ముందు సివిల్ డిగ్రీ చేసి, కొన్నాళ్లు సైట్‌లో పనిచేసి, ఆ తర్వాత మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేయమనే చెబుతాను.