‘ఆ పక్క పన్ను పీకించేస్తే సరి’ అన్న మెసేజ్‌కి జవాబు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులోకీ వచ్చింది, నన్ను ట్యాగ్ చేసి మరీ. సారాంశం ఇది: “నోరు, దవడ, చెవి ఒకే పక్క నొప్పి పెడుతుంటే కారణం ఎప్పుడూ పన్నే. పీకించేస్తే పోతుంది. ఎక్స్‌రేలో, స్కాన్‌లో ఏమీ కనబడకపోతే అది నొప్పే కాదు, మనసులో టెన్షన్. డాక్టరు ఫిట్స్ మందో డిప్రెషన్ మందో రాస్తే మిమ్మల్ని పిచ్చివాళ్ల కింద జమకట్టినట్టే, వేసుకోకండి. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయండి, పంటికి గుడాఖు రుద్దండి. భయపడకండి, క్యాన్సర్ అయితే నొప్పి ఉండదు.” కింద దండం బొమ్మలు, పదిమందికి పంపమని విన్నపం.

నాకు ఎడమ పక్క కింది దవడలో మొదలై చెవి ముందు దాకా పాకే నొప్పి కొన్నేళ్లుగా ఉంది. కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. నేను డాక్టర్ని కాను. అయితే ఈ మెసేజ్‌లో ఉన్న ప్రతి సలహా మావాళ్లెవరో ఒకరు నాకు ప్రేమగా ఇచ్చిందే. అందుకని ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు పన్ను సంగతి. “ఎప్పుడూ” అన్న మాట తీసేస్తే ఇందులో చాలా నిజం ఉంది. ఒక పక్క దవడ నొప్పికి ఎక్కువమందిలో పన్నే కారణం. కింది దవడ పన్ను పుచ్చి, పుచ్చు లోపలి నరం దాకా దిగితే ఆ పోటు చెవిలో తెలుస్తుంది. సగమే బయటికొచ్చిన జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచినా అంతే. సన్నగా చీలిన పన్ను ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, గట్టిది కొరికి వదిలినప్పుడు మాత్రం చురుక్కుమంటుంది. కాబట్టి మొదట వెళ్లాల్సింది పళ్ల డాక్టరు దగ్గరికే. అందులో తగాదా లేదు.

తగాదా ఆ తర్వాతి మాటతో. ముఖంలోని స్పర్శనీ నొప్పినీ మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ అనే నరం. కుడికొకటి, ఎడమకొకటి. ఒక్కోదానికీ మూడు కొమ్మలు: నుదురు, కన్ను వైపు ఒకటి, పై దవడకు ఒకటి, కింది దవడకు ఒకటి. ఈ కింది కొమ్మ నుంచే ఒక పాయ దవడ కీలుకీ, చెవి రంధ్రం ముందు గోడకీ వెళ్తుంది. పళ్లూ కీలూ చెవీ ఇలా ఒకే నరం మీద ఆధారపడ్డాయి కనుక నొప్పి ఒకచోట పుట్టి ఇంకోచోట తెలియడం మామూలే. రాత్రి నిద్రలో పళ్లు నూరేవాళ్లకీ, రోజంతా ఒకే బుగ్గన కిళ్లీ పెట్టుకుని నమిలేవాళ్లకీ (మన వైపు ఇలాంటివాళ్లకి కొదవ లేదు) కీలూ నమిలే కండరాలూ అలిసిపోయి, అచ్చం పంటి నొప్పిలాగే ఉంటుంది. నోరు తెరిచినప్పుడు చెవి దగ్గర టిక్కుమనడం, పొద్దున్నే దవడ పట్టేయడం దాని గుర్తులు. దానికి మెత్తటి తిండి, వేడి కాపడం, దవడకు చిన్న వ్యాయామాలు, కొందరికి రాత్రి పళ్ల మధ్య పెట్టుకునే తొడుగు పనిచేస్తాయి. పన్ను పీకడం పనిచేయదు.

అదే నరంలో పుట్టే ఇంకో నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా. దీని తీరే వేరు. కరెంటు షాక్ కొట్టినట్టు వస్తుంది, క్షణం నుంచి రెండు నిమిషాల లోపు ఉంటుంది, పోతుంది, మళ్లీ కొడుతుంది. ముఖం కడుక్కున్నా, బ్రష్ తగిలినా, గాలి వీచినా, ఒక ముద్ద నమిలినా రేగుతుంది. ఎక్కువగా యాభై దాటినవాళ్లలో, ఆడవాళ్లలో, కుడి పక్క చూస్తాం. చాలామందిలో మెదడు దగ్గర ఒక రక్తనాళం ఈ నరం మొదలు మీద ఆని నొక్కుతుండటమే కారణం. జబ్బు పేరు తెలిసేలోపే ఒకటో రెండో మంచి పళ్లు పోగొట్టుకున్నవాళ్లు వీళ్లలో ప్రపంచమంతటా ఉన్నారు.

నాది ఆ షాక్ నొప్పి కాదు, రోజంతా లోలోపల సలిపే రకం. అయినా నాకూ పన్ను పోయింది. ఊరు చెప్పను, క్లినిక్ చెప్పను. “పీకించీమ్మా, వదిలిపోద్ది” అని మా పెద్దత్త, “అనుమానం ఎందుకు, తీసేద్దాం” అని ఆ డాక్టరు, ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. పీకిన పన్ను బయట పెట్టి చూస్తే పుచ్చు లేదు, చీలిక లేదు. గాయం మానింది. నొప్పి మాత్రం పన్ను లేని ఆ ఖాళీలోనే కూర్చుంది. నాలుకతో తడిమితే నున్నటి చిగురు తగులుతుంది, వాపూ పుండూ ఏమీ ఉండవు. కానీ పన్ను ఇంకా అక్కడే ఉండి సలుపుతున్నట్టుంటుంది. రూట్ కెనాల్ తర్వాతో, పన్ను పీకిన తర్వాతో ఇలా నొప్పి మిగిలిపోవడం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. దాని వెంటపడి పక్క పన్ను, ఆ పక్క పన్ను తీయించుకుంటూ పోతే నొప్పి కూడా జరుగుతూ పోతుంది.

అందుకని పీకే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఈ పన్నే అనడానికి ఎక్స్‌రేలోనో, చల్లదనం తగిలించి చూసిన పరీక్షలోనో, తట్టి చూసినప్పుడో ఏం దొరికింది? అనుమానం ఉన్న ఆ ఒక్క పంటి దగ్గర మాత్రమే మత్తు ఇచ్చి చూస్తే నొప్పి పూర్తిగా ఆగిందా? ఆగకపోతే మూలం ఇంకెక్కడో ఉండి ఉండొచ్చు. రెండింటికీ జవాబు లేనప్పుడు పన్నుని ఉండనివ్వడమే మేలు. పీకడం రేపైనా పీకొచ్చు, పీకింది తిరిగి పెట్టలేం.

ఇక “స్కాన్‌లో లేకపోతే నొప్పే కాదు” అన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. ఎక్స్‌రేలో కనబడేది ఎముకా పన్నూ. నరం ఎంత తేలిగ్గా రేగుతోందో ఏ ఫిల్ముకీ ఎక్కదు. ఎమ్మారై తీసేది ముఖ్యంగా గడ్డలాంటివి లేవని తేల్చుకోవడానికి. నరం మీద రక్తనాళం ఆనిందా అన్నది చూడాలంటే దానికి ప్రత్యేకంగా సన్నటి పొరలుగా తీయమని డాక్టరు రాయాలి. మామూలు స్కాన్ నార్మల్ అని వచ్చిందంటే వెతికినవి దొరకలేదనే అర్థం. నొప్పి లేదని ఆ కాగితం ఎక్కడా చెప్పదు.

పైగా ఇలా మిగిలిపోయిన నొప్పికి వైద్యంలో పేరుంది. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ 2018 నాటి మూడో కూర్పులో ‘పర్సిస్టెంట్ ఇడియోపథిక్ ఫేషియల్ పెయిన్’ అని ఉంది, అంటే కారణం తెలియకుండా వదలని ముఖం నొప్పి. ముఖంలోనో నోట్లోనో రోజుకు రెండు గంటలకు పైగా, మూడు నెలలకు మించి, మందంగా సలిపే నొప్పి, ఇదీ చోటు అని సరిగ్గా వేలు పెట్టి చూపించలేనిది. నరాల పరీక్షా పళ్ల పరీక్షా మామూలుగా ఉండాలి. 2020లో నోరు, ముఖం నొప్పులకే విడిగా ఒక అంతర్జాతీయ వర్గీకరణ వచ్చింది, అందులోనూ కారణం తెలియని నొప్పులకు ఒక భాగం కేటాయించారు. అదే ఏడాది అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనాన్ని సవరిస్తూ, మనిషి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని రాసుకుంది. మా చుట్టాల గ్రూపు ఇంకా అక్కడికి రాలేదు.

టెన్షన్ మాట పూర్తిగా కొట్టిపారేయను. నిద్ర చెడిన మర్నాడు, ఇంట్లో గొడవైన రోజు నా దవడ రెండింతలు సలుపుతుంది. అయితే పెంచేది వేరు, పుట్టించేది వేరు. పగలూ రాత్రీ నొప్పి ఉంటే ఎవరికి మాత్రం దిగులు పుట్టదు? నొప్పి వల్ల దిగులు, దిగులు వల్ల ఇంకాస్త నొప్పి. రెండింటికీ కలిపి మందో కౌన్సెలింగో తీసుకుంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బయటికి ఏమీ కనబడని నొప్పి కాబట్టి చెప్పుకోవడం కూడా కష్టమే. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. పర్లాకిమిడి వాళ్లు ఒకసారి పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్తారు, ఇంకోసారి బరంపురం. రాయగడ వాళ్లు పార్వతీపురం, లేదంటే రైలెక్కి విశాఖ. కాగితాలు తలా ఒకచోట ఉండిపోతాయి, ప్రతి కొత్త డాక్టరూ మళ్లీ పంటి దగ్గర్నుంచే మొదలుపెడతాడు. ఒడియాలో అడిగితే తెలుగులో ఆలోచించి వచ్చీరాని హిందీలో చెబుతాం, సలుపూ పోటూ మంటా అన్నీ కలిసి ఒక్క ‘దర్ద్’ అయిపోతాయి. నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, షాకా సలుపా మంటా, ఏం చేస్తే రేగింది, ఏ మందుకి ఏమైంది. బుగ్గ బొమ్మ గీసి నొప్పి పాకే దారి పెన్నుతో చూపించాను. ఆ పేజీ చూశాకే ఒక నరాల డాక్టరు నాతో ఓపిగ్గా మాట్లాడారు.

రోజువారీ సర్దుబాట్లు చిన్నచిన్నవే. రైల్లో ఎడమ చెవి కిటికీ వైపు లేకుండా కూర్చుంటాను, ఫోను కుడి చెవికే. నొప్పి ముదిరిన రోజు జంతికలు, మరమరాల జోలికి పోను. చోడి అంబలి, లేదంటే మరీ చల్లగా లేని పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం). ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనిస్తాను.

ఫిట్స్ మందు, డిప్రెషన్ మందు సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ మెసేజ్ వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడే. కార్బమజెపైన్ ఫిట్స్‌కి వాడే మందే. ట్రైజెమినల్ న్యూరాల్జియాకి పనిచేస్తుందని 1962లోనే వైద్య పత్రికల్లో వచ్చింది, నేటికీ ఆ జబ్బుకి మొదట రాసే మందు అదే. ఫిట్స్‌లో అయినా ఈ నొప్పిలో అయినా అది చేసేది ఒకటే, అతిగా రేగే నరాన్ని అణచడం. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కి వచ్చిన మందు. నొప్పికి రాసేటప్పుడు తరచూ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదులో అది చిన్న భాగం. పిచ్చి అనుకుని రాసింది కాదది.

అలాగని ఇవి చాక్లెట్లు కావు. కార్బమజెపైన్‌తో తల తిరగొచ్చు, మత్తుగా ఉండొచ్చు, రక్తంలో సోడియం పడిపోవచ్చు, అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష చేయిస్తారు. ఆసియావాళ్లలో కొందరికి పుట్టుకతో ఉండే ఒక జన్యువు వల్ల చర్మం మీద ప్రాణాంతకమైన రియాక్షన్ వచ్చే ముప్పుంది. మొదటి వారాల్లో దద్దురు గానీ, నోట్లో పొక్కులు గానీ, దాంతో జ్వరం గానీ వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. అమిట్రిప్టిలిన్‌తో నోరెండడం, మలబద్ధకం, పొద్దున మగత ఉంటాయి. గుండె జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి. బాగుందని మనంతట మనమే టక్కున మానేయకూడదు కూడా. మందులకు లొంగని న్యూరాల్జియాకి, రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు జరిపి మధ్యలో చిన్న మెత్త పెట్టే ఆపరేషన్ ఉంది. నాలాంటి సలుపు నొప్పికి అది కాదు. నాకు చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్‌తో నొప్పి పోలేదు, సగానికి తగ్గింది, నిద్ర పడుతోంది. నాకదే చాలా ఎక్కువ.

వెల్లుల్లి నూనె గురించి ఎక్కువ చెప్పను. చెవి బాగానే ఉండి, నొప్పి దవడ నుంచి వస్తుంటే నూనె పోసినందువల్ల ఒరిగేదేమీ లేదు. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి దిగుతుంది. వేడి సరిగా చూసుకోకపోతే చెవి కాలుతుంది. ఇక గుడాఖు అంటే పొగాకూ బెల్లం మడ్డీ కలిపిన ముద్ద. నొప్పి ఉన్న నోటికి పొగాకు రుద్దమనడానికి ధైర్యం కావాలి.

“క్యాన్సర్ అయితే నొప్పి ఉండదు” అన్నది సగం నిజం, అందుకే ప్రమాదం. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ముదిరేకొద్దీ పెడుతుంది. నాలుక మొదట్లో, టాన్సిల్ దగ్గర, గొంతులో పుట్టినదైతే ఒక్కోసారి మొదట తెలిసేది ఒక పక్క చెవి నొప్పే. చెవిలో చూస్తే అంతా బాగుంటుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఒడిశా పెద్దవాళ్లలో నూటికి 40 మందికి పైగా పొగ రాని పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఖైనీ, గుట్కా, గుడాఖు అన్నీ అందులోవే. శ్రీకాకుళం వైపు మామ్మల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, అంగిలి క్యాన్సర్‌కి అది పేరుపడ్డ కారణం. అలాంటి అలవాటున్న మనిషికి ఒక పక్క చెవి నొప్పి వదలకపోతే ఈఎన్‌టీ డాక్టరు గొంతు లోపల కూడా చూడాల్సిందే. మూడు వారాలకీ మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు తెరుచుకోకపోవడం, గడ్డం తిమ్మిరెక్కడం, మెడలో గడ్డ, మింగలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నూనెల కోసం ఆగొద్దు.

క్యాన్సర్ ఒక్కటే కాదు, తొందరపడాల్సినవి ఇంకో రెండున్నాయి. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణత దగ్గర నొప్పి, నమిలే కొద్దీ దవడ అలిసి లాగేయడం, చూపు మసకబారడం మొదలైతే అది తలలోని రక్తనాళాల వాపు కావచ్చు. ఆరోజే చూపించుకోకపోతే కంటిచూపు శాశ్వతంగా పోవచ్చు. రెండోది, మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పి. అది గుండెది కావచ్చు. దానికి పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఈసీజీ తీసే చోటికి వెళ్లండి. కూర్చున్నా తగ్గకుండా, చెమటలు పడుతూ ఉంటే 108కి ఫోన్ చేయండి.