పేజీమేకర్‌లో ఇరుక్కున్న తెలుగు పుస్తకాలు

మా మావయ్య పద్యాల పుస్తకం 2003లో విజయవాడలోనే అచ్చయింది. మళ్లీ వేయిద్దామని మొన్న బీరువాలోంచి పాత సీడీ తీస్తే, అందులో ఒకే ఒక్క ఫైలు. పేరు చివర పీఎండీ అని ఉంది. గవర్నర్‌పేటలో రెండు డీటీపీ సెంటర్లు తిరిగాను. "ఇది ఓపెన్ కాదండీ, మళ్లీ కంపోజింగ్ చేయించుకోండి" అన్నారు. పద్యంలో ఒక్క అక్షరం తప్పు పడితే గణం చెడుతుంది. దిద్ది పెట్టడానికి మావయ్య లేరు.

ఓపెన్ కాదన్నది నిజం కాదు. పీఎండీ అంటే, కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పేజీమేకర్ అనే సాఫ్ట్‌వేర్ ఏడో వెర్షన్ ఫైలు. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన పేజీమేకర్ 1994లో అడోబ్ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన ఏడో వెర్షనే చివరిది. ఆ ఫైళ్లను అడోబ్ వాళ్లదే ఇంకో పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 దాకా వచ్చిన వెర్షన్లు తెరిచేవి, తర్వాతి వెర్షన్లు తెరవవు. అయితే ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి పేజీమేకర్ ఫైళ్లను చదువుతోంది. నేను ముందు ఫైలుకు కాపీ తీసుకుని, ఆ కాపీని అందులోనే తెరిచాను. పేజీలు వచ్చాయి. అక్షరాలు మాత్రం తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి.

తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. అప్పటి డీటీపీ అంతా 'అను' వంటి ఫాంట్లతో నడిచింది. అవి యూనికోడ్ కావు, అంటే ఒక్కో తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. ఉదాహరణకు 'స్త్రీ' చూడండి. యూనికోడ్‌లో దీనికి ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. మనం పలికే వరస అది. కాగితం మీద చూస్తే గుడిదీర్ఘం 'స' నెత్తిన ఉంటుంది, ఒత్తులు కింద ఉంటాయి. పాత ఫాంట్ కంటికి కనిపించే ఆ బొమ్మనే ముక్కలుగా దాచుకుంటుంది. కాబట్టి పాత ఫాంట్ మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ముక్కలను గుర్తుపడితే సరిపోదు, వరస కూడా మార్చాలి. పైగా ఏ ఫాంట్ పట్టిక దానిదే. ఏ ఫాంటో తెలియకపోతే చీకట్లో తడుముకోవడమే.

"పీడీఎఫ్ ఉందిగా, చాలు" అనే మాట నాకు అస్సలు మింగుడుపడదు. పాత ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్ చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అందులో ఒక తెలుగు మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్లీ ఆ గజిబిజే. చదవడానికి పనికొస్తుందేమో గానీ మళ్లీ కూర్చడానికి పనికిరాదు.

అందుకే రచయితలు పుస్తకం పూర్తయిన రోజే డీటీపీ వాళ్ల దగ్గర ఫోల్డర్ మొత్తం అడిగి తీసుకోవాలి. బొమ్మలు చాలాసార్లు పేజీమేకర్ ఫైల్లో ఉండవు, వాటికి లింకు మాత్రమే ఉంటుంది. ఫాంట్ పేరు కవరు మీద రాసిపెట్టాలి. యూనికోడ్‌లోకి మార్చిన మ్యాటర్ కూడా పట్టుబట్టి తీసుకోవాలి. విజయవాడలో ఇరవై ఏళ్ల కిందట పేజీమేకర్ మీద కూర్చున్న ఆపరేటర్లు ఇంకా ఉన్నారు. పబ్లిషర్లు వాళ్లకు కూలి కట్టించి, పాత సీడీలన్నీ ఇప్పుడే మార్పించుకోవాలి. సీడీలు కూడా పాడవుతున్నాయి.

మావయ్య పద్యాలు చివరికి అలాంటి ఒక ఆపరేటర్ చేతిలోనే దారికొచ్చాయి. ఫాంట్ చూడగానే పేరు చెప్పేశాడు. అరసున్నలు కొన్నిచోట్ల ఎగిరిపోయాయి. అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని రాత్రిపూట దిద్దుతున్నాను. నలభై పేజీలు అయ్యాయి, ఇంకా ఎనభై ఉన్నాయి.