తెలుగు రాని ఓటర్లతో ప్రమాదం

అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లల్ని తలుచుకుంటే హైదరాబాద్‌కు నిద్ర పట్టడం లేదు. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం. అయినా 18 నిండగానే వెళ్ళి ఓటేసి వస్తున్నారట. కొందరైతే ఏకంగా పోటీకి దిగుతున్నారు. గుణింతాలు రానివాళ్ళకు ఇంత చొరవ ఎక్కడిదో తేల్చడానికి వెంటనే ఒక సదస్సు పెట్టాలి. భోజనాలతో సహా.

మన సంగతి వేరు. తెలుగును అనర్గళంగా, అవసరమైతే ఉర్దూ కలిపి మరీ మాట్లాడే నగరం ఇది. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో ఇక్కడ పోలింగ్ 46.55 శాతం. మిగతావాళ్ళకు రాజకీయాలు పట్టవనుకుంటే పొరపాటు. ఇరానీ చాయ్ ముందు కూర్చుని అమెరికా ఎన్నికల్లో పెన్సిల్వేనియాలో ఎవరు గెలుస్తారో తేల్చేది వాళ్ళే. సొంత వార్డు ఏదో అడక్కండి, టెన్షన్ పడతారు.

ఇక మన ఘనకార్యాలు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ గవర్నర్ తర్వాతి స్థానం, ఎన్నికయ్యే పదవి) అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టారు. 2025లో వర్జీనియాలో అదే పదవికి గెలిచిన గజాలా హష్మీ పుట్టిందీ ఇక్కడే. ఈ విజయాల్లో నగరం వాటాను తక్కువ చేయకూడదు. ఒకరిని ఏడేళ్ళప్పుడు, మరొకరిని నాలుగేళ్ళప్పుడు విమానం ఎక్కించి పంపాం. ఇంకొన్నాళ్ళు ఉంచుకునుంటే ఏమయ్యేదో!

భాష నిజంగానే ఓటు తెచ్చిపెట్టిన చోటు ఒకటుంది. దాని గురించి మన వేదికల మీద పెద్దగా వినపడదు, అందులో సన్మానాలు లేవు కాబట్టి. మారిషస్‌లో ఒకప్పుడు ఆస్తి, హోదా ఉన్న కొద్దిమందికే ఓటు. 1948 ఎన్నికల నాటికి నిబంధన మారింది. దీవిలో మాట్లాడే ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వస్తే ఓటిస్తామన్నారు. బసదేవ్ బిసుందయాళ్ అనే సంఘ సంస్కర్త అనుచరులు ఊరూరా తిరిగి, అక్కడి భారత సంతతి కూలీలకు హిందీ అక్షరాలు నేర్పారు. పగలంతా చెరకు నరికిన చేతులు రాత్రి పలక పట్టాయి. 11 వేల చిల్లర ఉన్న ఓటర్లు 70 వేలు దాటారు. తాతల భాష వాళ్ళకు ఓటు తెచ్చింది. మనకు శాలువా తెచ్చింది.

మనకూ చరిత్ర లేకపోలేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతికిచ్చే ఓసీఐ కార్డులు మొదలైంది మన ఊళ్ళోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. ఆ కార్డుంటే వీసా అక్కర్లేదు, కోకాపేటలో ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, పొలం కొనే హక్కూ లేదు. ఓటు లేదని కుమిలిపోయినవాళ్ళను నేను చూడలేదు. శంకర్‌పల్లి దగ్గర రెండెకరాలు చేజారాయని ఏడ్చినవాళ్ళు మాత్రం మా బంధువుల్లోనే ఉన్నారు.

ఇండియన్ పాస్‌పోర్టు వదలని ఎన్నారైలకు ఓటుంది. కాకపోతే ఫారం 6ఏ నింపి, పోలింగ్ రోజున స్వయంగా రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద అలా నమోదైనవాళ్ళు సుమారు 1.2 లక్షలు. వచ్చి ఓటేసినవాళ్ళు 3 వేలకు లోపే, వాళ్ళలోనూ ఎక్కువమంది కేరళవాళ్ళు. మన వాళ్ళను తప్పుపట్టలేం. అక్కడి తెలుగు సంఘాల ఎన్నికలు, ప్యానెళ్ళు, కులాల లెక్కలు చూసుకునేసరికి వాళ్ళ తీరిక కాస్తా అయిపోతుంది.

కాబట్టి నాదొక ప్రతిపాదన. అమెరికాలో ఆదివారం తెలుగు బడులకు వెళ్ళే పిల్లలకు వేమన పద్యాలతోపాటు ఒక్క వాక్యం బట్టీ పట్టించండి: "తాతయ్యా, ఓటేశావా?" ఒత్తులు పోయినా ఫరవాలేదు. ఎండాకాలం ఎన్నికలైతే ఇక్కడ పొద్దున 7కి పోలింగ్ మొదలయ్యేసరికి డాలస్‌లో రాత్రి 8.30, పిల్లల హోంవర్క్ అయిపోయుంటుంది. వీడియో కాలే చేయించండి. వేలిమీద సిరా చూపించమంటే, మియాపూర్ తాతయ్య నెట్‌వర్క్ బాలేదని చెప్పి కట్ చేయడానికి వీల్లేకుండా అమ్మమ్మను పక్కనే కూర్చోబెట్టాలి.